సూదుల పలక

పోయిన నెలలో ఒకనాటి పొద్దున, భవానీపురంలో మా ఇంటి గేటు చప్పుడైతే వెళ్ళి చూశాను. అరవై దాటిన మనిషి ఒకాయన చేతిలో గుడ్డసంచితో నిలబడి ఉన్నాడు. "సుగుణమ్మగారంటే మీరేనాండీ? మాది పామర్రు దగ్గరండి. నేత వీరభద్రయ్యగారి అబ్బాయిని" అన్నాడు. ఆ పేరు విని ఎన్నేళ్ళయిందో నేను తేల్చుకునేలోపే ఆయన లోపలికి వచ్చి కూర్చుని, సంచిలోంచి పాత పేపర్లో చుట్టిన బరువైన వస్తువొకటి తీసి నా చేతిలో పెట్టాడు. "నాన్నగారి మగ్గం తీసేశామండీ. మా ఇంట్లో ఇంక నేసేవాళ్ళు లేరు. కర్రసామానంతా ఎవరికో ఇచ్చేశాం గానీ దీన్ని ఇత్తడి కొట్లో పడెయ్యడానికి మనసొప్పలేదండి. పోయేముందు నాన్నగారే అన్నారు, ఇది రత్నంగారి చేతి పని, వాళ్ళ మనుషులెవరన్నా ఉంటే వాళ్ళకే చేరాలి అని." కాఫీ తాగి, బస్సు టైమయిందంటూ వెళ్ళిపోయాడు. ఆయన వెళ్ళాక చాలాసేపు ఆ పొట్లం విప్పకుండానే ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. లోపల ఏముందో నాకు తెలుసు.

జానెడు పొడవు, నాలుగు వేళ్ళ వెడల్పు, అర అంగుళం మందం ఉన్న ఇత్తడి పలక అది. దానికి ఎనిమిది వరసల్లో, వరసకు ఇరవై ఆరు చొప్పున సన్నని రంధ్రాలు ఉంటాయి. మగ్గం పైన జకార్డు అనే పెట్టె ఒకటి కడతారు. చీర అంచులో బొమ్మ రావాలంటే ఏ పోగు లేవాలో, ఏ పోగు ఆగాలో ఆ పెట్టెకు చిల్లులు కొట్టిన అట్టలు చెబుతాయి. ఆ అట్టల మీదికి రెండు వందల ఎనిమిది ఉక్కు సూదులు మొనలు చాచి ఉండాలి. వాటిని అటూ ఇటూ వాలిపోకుండా పట్టి ఉంచేదే ఈ పలక. రంధ్రం ఏమాత్రం వెడల్పయినా సూది తల వాలుస్తుంది, అట్టలో తనకోసం కొట్టిన చిల్లును తప్పుతుంది, అంచులో హంసకు మెడ తెగుతుంది. పొట్లంలో పలకతోపాటు మగ్గం సూది కూడా ఒకటి పెట్టి ఇచ్చాడాయన. కళ్ళజోడు తుడుచుకుని, ఆ సూదిని ఒక్కొక్క రంధ్రంలో పెట్టి తీస్తూ పోయాను. సూది మెత్తగా జారుతుందే తప్ప ఎక్కడా కదలదు. మొదటి వరసలో ఒకచోటా, రెండో వరస మధ్యలో ఒకచోటా మాత్రం గలగలమంది. ఆ రెండూ ఎందుకు వదులయ్యాయో చెప్పగలిగినదాన్ని ఇప్పుడు నేనొక్కదాన్నే ఉన్నాను కాబట్టి రాస్తున్నాను.

మా నాన్న రత్నంగారికి వన్ టౌన్‌లో, ఇనప సామాన్ల కొట్ల వెనక సందులో ఒక రేకుల షెడ్డు ఉండేది. అందులో ఒక పాత లేతు, దాని పక్కన ఎక్కడో మూతబడిన కార్ఖానా నుంచి తెచ్చుకున్న చిన్న మిల్లింగ్ మెషిన్ ఉండేవి. పొద్దున తొమ్మిదింటికి సందంతా తోపుడుబళ్ళతో, హమాలీల కేకలతో దద్దరిల్లుతుంటే మా షెడ్డులో మాత్రం నాన్న తలవంచి చిన్నగా ప్రార్థన చేసుకునేవారు. "ప్రభువా, చేతికి నిలకడ ఇవ్వు" అన్నదే ఆ ప్రార్థనలో ముఖ్యమైన మాట. తలుపు తీయగానే కిరసనాయిలూ, కటింగ్ నూనే, కాలిన ఇత్తడి పొట్టూ కలిసిన వాసన వచ్చేది. ఆ వాసన నాన్న చొక్కాల్లోనూ, మా ఇంటి దండేనికీ, ఆదివారం చర్చికి వేసుకెళ్ళే తెల్లచొక్కా మడతల్లోనూ కూడా ఉండేది. చిన్నప్పుడు నాన్నలందరూ అలాగే వాసన వస్తారనుకునేదాన్ని. డెల్టాలో పంపుసెట్లకీ, రైసుమిల్లులకీ మరెవరూ చెయ్యలేమన్న సన్నపనులు ఆయన దగ్గరికి వచ్చేవి. "రత్నం చేతిలో ఔట్ ఉండదు" అని సందులో అందరూ అనేవారు.

ఈ ఔట్ ఏమిటో చెప్పకపోతే తరవాత జరిగింది అర్థం కాదు. డ్రిల్లును మెషిన్‌కి బిగించి తిప్పినప్పుడు దాని మొన ఉన్నచోటే ఉండి తిరగాలి. అలా కాకుండా మొన చిన్న సున్నా చుడుతూ తిరిగితే దాన్ని ఔట్ అంటారు. వేలెడు లావు డ్రిల్లయితే ఆ కాస్త తేడాను ఓర్చుకుంటుంది. అగ్గిపుల్ల కంటే సన్నని డ్రిల్లు ఓర్చుకోలేదు. రంధ్రాన్ని వెడల్పు చేస్తుంది, లేదా పుటుక్కున విరుగుతుంది. అందుకని నాన్న సన్న డ్రిల్లు బిగించడానికి పూజ చేస్తున్నంత సమయం తీసుకునేవారు. ముందు డ్రిల్లు కూర్చునే మెషిన్ ముక్కు లోపలి వాలును గుడ్డతో తుడవడం, వేలు పెట్టి తడిమి చూడడం, డ్రిల్లును పట్టుకునే చీలికల ఉక్కు గొట్టాన్ని, దాన్ని కాలెట్ అంటారు, కిరసనాయిల్లో కడిగి మళ్ళీ గుడ్డతో తుడవడం. డ్రిల్లు ఎంత పొట్టిగా బయటికి ఉంటే అంత మంచిదని, కావలసినంతే బయట పెట్టి బిగించడం. ఆ తరవాత గడియారంలా ముల్లు తిరిగే డయల్ గేజి మొనను డ్రిల్లుకు ఆనించి, మెషిన్‌ను చేత్తో నెమ్మదిగా ఒక చుట్టు తిప్పడం. గేజి ముల్లు ఎక్కడ పైకి లేచిందో అక్కడ సుద్దముక్కతో గీత పెట్టి, గొట్టాన్ని వదులు చేసి సగం చుట్టు తిప్పి మళ్ళీ బిగించేవారు. "ప్రతి వస్తువుకీ ఏదో ఒక వంకర ఉంటదమ్మా. మెషిన్ వంకర ఎటుందో, కాలెట్ వంకర ఎటుందో చూసుకుని ఎదురెదురు పెట్టాలి. అప్పుడు ఒకదాన్నొకటి సరిచేసుకుంటాయి" అని చెప్పేవారు. నాకా మాటలు అప్పట్లో విసుగ్గా ఉండేవి. నాకు యంత్రాల మీద మోజేమీ లేదు. అప్పుడే బి.ఏ. పూర్తిచేసి, పంతులమ్మ ఉద్యోగం కోసం చూస్తూ ఇంట్లో ఉండేదాన్ని. చత్వారం వచ్చి గేజి ముల్లు ఆయనకు సరిగా ఆనడం లేదు కాబట్టి, నన్ను పక్కన నిలబెట్టి అంకె చదివించుకునేవారు. అంగుళంలో వెయ్యో వంతును థౌ అంటారు. "రెండు థౌలు నాన్నా" అని నేనంటే పెదవి విరిచేవారు, "అర థౌ" అంటే మొహం వికసించేది.

ఆ తుడిచే గుడ్డలు మా అమ్మవి. వాటి కోసం అమ్మకు ఒక పద్ధతి ఉండేది. తను కట్టి కట్టి మెత్తబడిపోయిన నూలు చీరల్ని వేడినీళ్ళలో సోడా వేసి ఉతికేది. మా ఇంట్లో తలగడ గలీబులకు కూడా గంజి పెట్టే మనిషి, వాటికి మాత్రం పెట్టేది కాదు. కృష్ణ ఒడ్డునుంచి గాలికి ఇసక లేచి వస్తుందని ఇంటిలోపలే దండెం మీద ఆరేసేది. శనివారం మధ్యాహ్నం వసారాలో చాప వేసుకుని, అరచెయ్యంత ముక్కలుగా చించి, నాలుగు పక్కలా వదులు పోగులు లాగేసి, అంచులు లోపలికి మడిచి, చేతిరుమాలు కుట్టినట్టు సన్నగా కుట్టేది. "మసిగుడ్డలకి కూడా కుట్టేమిటమ్మా, పెళ్ళివారికి పంపిస్తావా?" అని నేను ఏడిపించేదాన్ని. "పోగులు చేతికి అంటుకుంటే మీ నాన్నగారికి చిరాకే" అనేది, తల ఎత్తకుండా. కుట్టిన ముక్కలన్నీ పాత బిస్కట్ డబ్బాలో పేర్చి షెడ్డుకు పంపేది. పాతికేళ్ళ కాపురంలో అమ్మ ఆ షెడ్డుకు ఎన్నిసార్లు వెళ్ళిందో చేతివేళ్ళ మీద చెప్పొచ్చు. నాన్న చేతిపని గురించి ఎవరైనా పొగిడితే మంచినీళ్ళిచ్చి లోపలికి వెళ్ళిపోయేది.

ఆ ఏడాది వానాకాలంలో అమ్మ పోయింది. వారం రోజుల జ్వరం, అంతే. సమాధి కార్యక్రమం అయ్యాక మేనత్తలు వచ్చి, బీరువా తీసి, పోయిన మనిషి బట్టలు ఇంట్లో ఉంచుకోకూడదంటూ పంచడానికి కూర్చున్నారు. నేను అరిచి గోల చేశాను. అంతకుముందు ఎప్పుడూ పెద్దవాళ్ళ మీద గొంతెత్తినదాన్ని కాదు. వాళ్ళు తెల్లబోయి లేచి వెళ్ళిపోయారు. అమ్మ చీరలు పదకొండు మిగిలాయి. పట్టుచీర ఒకటి అమ్మతోనే వెళ్ళింది, మిగిలినవన్నీ నూలువే. వాటిని ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి మెడలో గొలుసుకు తగిలించుకున్నాను. నెల తిరిగాక నాన్నతో షెడ్డుకు వెళ్ళిన మొదటిరోజు ఆయన ఎప్పటిలాగే బిస్కట్ డబ్బాలో చెయ్యిపెట్టి ఒక గుడ్డ తీశారు. నీలం రంగు మీద తెల్ల చుక్కల ముక్క. నన్ను స్కూల్లో చేర్పించిన రోజు అమ్మ కట్టుకున్న చీర అది. దానితో నాన్న మెషిన్ ముక్కులోని నల్లటి జిడ్డు తుడుస్తుంటే చూడలేక సందులోకి వెళ్ళి నిలబడ్డాను. ఆ సాయంత్రం నాన్న చేతులు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు డబ్బాలో మిగిలిన గుడ్డలన్నీ, వాడినవే అయినా, నా సంచిలో వేసుకున్నాను.

వాటి బదులు ఏం పెట్టాలన్న చిక్కు ఆ వారంలోనే తీరిపోయింది. పామర్రు దగ్గర్నుంచి వీరభద్రయ్యగారు వచ్చారు. సన్నగా, పొడుగ్గా, భుజాన తను నేసిన తువ్వాలుతో ఉండేవారు. చేతిలో అరిగిపోయిన చెక్కపలక ఉంది. "రత్నంగారూ, సూదులన్నీ వాలిపోతన్నాయండి. హంసల అంచు వేశాను. అట్టలు కొట్టుకోడానికే నాకు ఆర్నెల్లు పట్టింది. ఇప్పుడు చూస్తే ఒక్క హంసకీ మెడ సరిగ్గా రావట్లేదు. మగ్గం ఆపేసి కూర్చున్నామండి ఇంటిల్లిపాదీ. ఇత్తడిలో ఇట్టాంటిది చెయ్యగలరా?" అన్నారు. నాన్న పలకను వెలుతురుకెత్తి చూసి, "ఎప్పుడూ చెయ్యలేదండి. చేస్తాను" అన్నారు. అమ్మ పోయాక ఆయన గొంతులో ఆ పాటి జీవం వినడం అదే మొదలు. వీరభద్రయ్యగారికి అమ్మ సంగతి అప్పుడే తెలిసింది. వెళ్ళబోతూ తన సంచిలోంచి ఒక పెద్ద నూలు మూట తీసి నాకిచ్చారు. చీర నేయడం అయిపోయాక మగ్గం మీద మిగిలే పడుగు కొసలు. మెత్తగా, కొత్తగా, రంగురంగులుగా ఉన్నాయి. "మెషిన్లు తుడుచుకోడానికి పనికొస్తాయమ్మాయిగారూ. మా ఇంటి నుంచి ఇంకేం తేగలం" అన్నారు. నేను ఆ నూలును ముద్దలు ముద్దలుగా చేసి బిస్కట్ డబ్బా నింపేశాను. అమ్మ చీరలకు మసి పూసుకునే గతి తప్పిందన్న తృప్తి తప్ప నాకు మరే ఆలోచనా లేదు. నాన్న మర్నాడు డబ్బాలో చెయ్యిపెట్టి, ఒక క్షణం ఆగి, నూలుముద్ద తీసుకుని తుడుచుకున్నారు.

పలక పని మొదలైంది. సన్న డ్రిల్లులు మద్రాసు నుంచి తెప్పించుకున్నవి, నూనె కాగితంలో చుట్టి ఒక డజను ఉన్నాయి. మళ్ళీ తెప్పించాలంటే ఎన్నాళ్ళు పడుతుందో తెలియదు. నాన్న ఎప్పటిలాగే తుడిచి, కడిగి, తుడిచి, బిగించి తిప్పారు. నేను గేజి చూసి "మూడు థౌలు నాన్నా" అన్నాను. ఆయన నవ్వి, సుద్దగీత పెట్టి, విప్పి, మళ్ళీ తుడిచి, సగం చుట్టు తిప్పి బిగించారు. ఈసారి నాలుగు. అదీ మరోవైపు. మళ్ళీ విప్పారు, మళ్ళీ తుడిచారు. ఒకసారి ఒకటిన్నర చూపించేది, సరే చాలన్నట్టు రంధ్రం మొదలుపెడితే ఇత్తడిలోకి దిగుతూనే డ్రిల్లు కీచుమనేది. మొదటి వరసలో నాలుగో రంధ్రం వెడల్పయిపోయింది. సూది పెట్టి చూసి నాన్న పక్క రంధ్రానికి వెళ్ళారు. ఆ రోజు రెండు డ్రిల్లులు విరిగాయి. మర్నాడు మూడు. మూడో రోజు మరో రెండు. అంతకుముందు ఒక్క డ్రిల్లుతో వందల రంధ్రాలు వేసిన మనిషి, నాలుగు రోజుల్లో వరసన్నర కూడా దాటలేకపోయారు.

నన్ను భయపెట్టింది విరిగిన డ్రిల్లులు కాదు, నాన్న తర్కం. మూడో రోజు మధ్యాహ్నం అన్నం క్యారియర్ విప్పుతుంటే ఆయన తనలో తాను అనుకుంటున్నట్టు అన్నారు: "వంకర మెషిన్‌దైతే రోజూ ఒక్కచోటే కనపడాలమ్మా. కాలెట్‌దైతే కాలెట్‌తోపాటు తిరగాలి. ఇదేంటి, విప్పి బిగించినప్పుడల్లా కొత్తచోట వస్తంది. మెషిన్ అట్టా మాట మార్చదు. అంటే వంకర బిగించే చేతిలో ఉన్నట్టే గదా." నేను ఏదో ఓదార్పు మాట చెప్పబోయాను. ఆయన చేతులు చాపి చూపించారు. నిజంగానే వేళ్ళు సన్నగా వణుకుతున్నాయి. "మీ అమ్మ పోయినప్పట్నించీ నిద్ర లేదు. చేతికి తెలిసిపోయింది" అన్నారు. ఆ పూట ఇద్దరం అన్నం సగం సగం తిని మూత పెట్టేశాం.

నాలుగో రోజు పొద్దున వీరభద్రయ్యగారు మళ్ళీ వచ్చారు. తొందరేం లేదండీ, ఇటుగా పనుండి వచ్చాను అన్నారు గానీ, పామర్రు నుంచి వన్ టౌన్ సందులోకి ఇటుగా వచ్చేవాళ్ళెవరుంటారు? బల్ల మీద కూర్చుని పలకకేసి చూశారు. సగం కూడా కాని రెండో వరస ఆయనకు కనిపించే ఉంటుంది. "ఇంట్లో పిల్లలు మగ్గం కింద గుంటలో దిగి ఆడుకుంటన్నారండి, ఖాళీగా ఉందని" అని నవ్వబోయి ఆగిపోయారు. ఆయన అటు వెళ్ళగానే నాన్న డ్రిల్లు దించారు. రెండో వరస మధ్యలో అది పుటుక్కుమని లోపలే ఉండిపోయింది. వెనకనుంచి కొట్టి ముక్కను బయటికి తీసేసరికి ఆ రంధ్రం కూడా పాడైంది. నాన్న మెషిన్ ఆపి, స్టూలు మీద కూర్చుని, కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నారు. "వీరభద్రయ్యగారికి ఉత్తరం రాయమ్మా. మద్రాసులో చేయించుకోమని. మెషిన్ కూడా ఎవరికన్నా ఇచ్చేద్దాం. ఇచ్చేముందు ఒకసారి శుభ్రంగా కడగాలి" అన్నారు. ఎవరో దూరపు చుట్టం గురించి చెబుతున్నంత మామూలుగా అన్నారు. ఆయన యాభై మూడేళ్ళ మనిషి. ఆ పని లేకపోతే ఆయనకు పొద్దున లేవడానికి కారణం ఉండదని నాకు ఆ నిమిషంలో తెలిసింది.

ఆయన చెయ్యలేరని కాలెట్ నేనే విప్పాను. షెడ్డు కప్పులో వెలుతురు కోసం ఒక రేకు తీసి గాజుపలక వేయించి ఉంది. దాని కింద పట్టుకుని, కడగబోతూ చూశాను. చీలిక అంచున ఏదో సన్నగా ఎర్రగా మెరిసింది. గోటితో లాగితే వచ్చింది. వేలి కణుపంత నూలుపోగు. ఒకవైపు నూనెలో నానిపోయి నల్లబడింది, రెండోవైపు ఇంకా కుంకుమరంగులోనే ఉంది. వీరభద్రయ్యగారి మూటలోని పడుగు కొస. మెషిన్ ముక్కు లోపలికి వేలు పోనిస్తే అక్కడా ఇంకొకటి తగిలింది, పసుపుది. నూనె జిడ్డుకు గోడకు అతుక్కుని పడుకుని ఉంది. పనివాడి కాయలు కాచిన వేలికి అది దొరకదు. నాకు అంతా ఒక్కసారిగా అర్థమైంది. నాన్న విప్పిన ప్రతిసారీ తుడిచారు. తుడిచిన ప్రతిసారీ ఒక కొత్త పోగు కొత్తచోట దిగబడింది. వంకర ఆయన చేతిలో లేదు, నేను నింపిన డబ్బాలో ఉంది. ఆ పోగును గుప్పిట్లో దాచుకున్నాను. చెప్పాలంటే, దాన్ని పారేసి ఏమీ ఎరగనట్టు ఉండిపోదామన్న ఆలోచన కూడా వచ్చింది. చెబితే ఆ డబ్బా నిండడానికి ట్రంకుపెట్టె తెరవాలి. ఇంటికెళ్ళి ఇప్పుడే వస్తానని చెప్పి బయటపడ్డాను.

మిట్టమధ్యాహ్నం ఎండలో రిక్షా ఎక్కి భవానీపురం వచ్చాను. తాళం తీసి పెట్టె మూత ఎత్తగానే అమ్మ వాసన వచ్చింది. సున్నిపిండీ, కర్పూరం ఉండలూ, ఇంకేదో. షెడ్డు నుంచి తెచ్చిన ముక్కల్ని కూడా అందులోనే దాచాను గానీ అవి అప్పటికే మసిబారి ఉన్నాయి, పనికిరావు. పదకొండు చీరల్నీ మంచం మీద పరిచాను. ఏది ముందు? ఆకుపచ్చది అమ్మ చర్చికి కట్టేది. గళ్ళచీర వంటింట్లో కట్టేది. అన్నిటికంటే పాతదీ, మెత్తటిదీ నీలం మీద తెల్ల చుక్కలది. అమ్మ సగం చించి డబ్బాకు పంపి, మిగిలిన సగం మడిచి పెట్టుకుంది. అమ్మే మొదలుపెట్టిన చీర అది. అలా అనుకుంటే తప్ప నా చేతులు ముందుకు రాలేదు. కొంగు పట్టుకుని ఒక్కసారి లాగాను. చిరిగిన చప్పుడుకు నేనే ఉలిక్కిపడి, మంచం పట్టె మీద కూర్చుని బిగ్గరగా ఏడ్చాను. అమ్మ పోయిన రోజున కూడా అంత ఏడుపు రాలేదు.

షెడ్డుకు తిరిగివెళ్ళేసరికి నాన్న అదే స్టూలు మీద అలాగే ఉన్నారు. గుప్పిట విప్పి పోగు చూపించాను. "నీ చెయ్యి కాదు నాన్నా, ఇది. అమ్మ గుడ్డలు నేనే తీసేశాను. నూలు పెట్టింది నేనే" అన్నాను. తిట్టినా బాగుండేది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, ఆ పోగును అందుకుని, అలవాటు కొద్దీ మందం కొలిచే మైక్రోమీటర్ దవడల మధ్య పెట్టి నెమ్మదిగా బిగించారు. "నాలుగు థౌలు" అన్నారు. ఇంకాస్త నొక్కి, "మూడు" అన్నారు. ఆ తరవాత మైక్రోమీటర్ ఒళ్ళో పెట్టుకున్నారు. "డబ్బాలో మీ అమ్మ గుడ్డలు లేవని మొదటి రోజే చూశానమ్మా. ఎందుకు తీశావో తెలుసు. నాకూ వాటితో తుడవాలంటే ప్రాణం ఒప్పలేదు. అందుకే అడగలేదు" అన్నారు. "కానీ గుడ్డలో ఇంత ఉందని నాకు తెలియదు. ఇన్నేళ్ళూ ఆ నిలకడంతా నా చేతిదే అనుకున్నాను."

నా సంచిలోంచి చీరముక్కలు తీసి ఇచ్చాను. ఆయన ఒకటి తీసుకుని అంచు మీద బొటనవేలు రాసి చూశారు. "దీనికి కుట్టు లేదే" అన్నారు. నిజమే, తొందరలో చించి తెచ్చానంతే. పక్కకొట్లోంచి సూదీ దారం తెచ్చుకుని, మెషిన్ పక్కనే గోనెపట్టా మీద కూర్చున్నాను. నాలుగు పక్కలా వదులు పోగులు లాగి, ఇక ఒక్కటీ రాదన్నాక మడిచి కుట్టాను. ఒకప్పుడు అమ్మను ఎగతాళి చేసిన కుట్టు కాబట్టి ఎలా కుట్టాలో బాగానే గుర్తుంది. నేను కుట్టినంతసేపూ నాన్న చేతులు ఒళ్ళో పెట్టుకుని ఎదురుచూశారు. సందులో బళ్ళు పోతున్నాయి, ఎవరో కేకేసి పిలిస్తే "పనిలో ఉన్నాం" అని జవాబిచ్చారు. నాలుగు ముక్కలు అయ్యాక లేచి, నూలుముద్దలన్నీ బయటికి తీసి డబ్బాను తుడిచి, ఆ నాలుగూ అందులో పెట్టారు. పెట్టి, మళ్ళీ ఒకటి తీశారు. మెషిన్ ముక్కు తుడిచారు. వేలు పెట్టి తడిమారు. ఈసారి నా వేలితో కూడా తడిమించారు. కాలెట్ కడిగి, చీలికల్లో గుడ్డ మొన దూర్చి ఒక్కొక్కటే లాగి, తొమ్మిదో డ్రిల్లు బిగించారు. దానితో కలిపి మిగిలినవి నాలుగే. చేత్తో ఒక చుట్టు తిప్పారు. గేజి ముల్లు అసలు కదిలిందా అని నాకే అనుమానం వచ్చింది. "ఏదీ, మళ్ళీ తిప్పు నాన్నా" అన్నాను. తిప్పారు. "అర థౌ కూడా లేదు." "సరిగ్గా చూడు." "చూశాను నాన్నా, లేదు." ఆయన మొహం గోడవైపు తిప్పుకుని, చీర ముక్కతో కళ్ళు తుడుచుకున్నారు. అది అప్పటికే మసయిందని ఆయనకు గుర్తు లేదు. బుగ్గ మీద నల్లటి చార పడింది, సాయంత్రం దాకా అలాగే ఉంది.

ఆ డ్రిల్లు చివరి రంధ్రం దాకా విరగలేదు. పాడైన రెండింటి సంగతీ నాన్న దాచలేదు, కొత్త పలక చేసిస్తానన్నారు. వీరభద్రయ్యగారు ఒప్పుకోలేదు. ఆ రెండింట్లో వెదురు పుల్లను చెక్కి, కూరి, మళ్ళీ చిల్లు పెట్టుకుని మగ్గం నడుపుకున్నారట. ఆ వెదురు ఇన్నేళ్ళలో ఎప్పుడో రాలిపోయి ఉంటుంది. పండక్కి ముందు ఒక చీర తెచ్చి చూపించారు. అంచు పొడుగునా హంసలు, ఒక్కదానికీ మెడ తెగలేదు. అది నాకే ఇవ్వబోతే, కట్టుకునే మనిషి లేదని నాన్న తిప్పి పంపారు. నేనున్నానని ఆయనకు ఆ క్షణంలో తోచలేదు. నేనూ గుర్తు చెయ్యలేదు. నూలు మూట సంగతి మాత్రం వీరభద్రయ్యగారికి మేమిద్దరం ఎప్పుడూ చెప్పలేదు. ఆప్యాయంగా తెచ్చిచ్చిన మనిషికి ఆ మాట ఎలా చెబుతాం?

పలకను మొన్న ఆటోనగర్ తీసుకెళ్ళాను. నా దగ్గర పదో తరగతి చదివిన కుర్రాడు ఇప్పుడు అక్కడ కంప్యూటర్ మెషిన్లు నడుపుతున్నాడు. అద్దాల గది, చల్లటి గాలి. అక్కడ నూనె వాసనే లేదు. తుడవడానికి పెట్టెలోంచి తెల్లటి కాగితం లాంటి గుడ్డ ఒకటి లాగి, ఒక్కసారి వాడి బుట్టలో పడేస్తున్నారు. పోగు రాలదట, అందుకోసమే ఫ్యాక్టరీలో తయారుచేస్తారట. "ఔట్ ఎంతుందో మెషినే చెప్పేస్తది మేడం" అన్నాడు. పలకను తిప్పితిప్పి చూసి, "చేత్తో చేశారంటే నమ్మలేం. ఈ రెండూ ఎందుకో లూజయ్యాయి గానీ" అన్నాడు. నేను నవ్వి పలకను సంచిలో పెట్టుకున్నాను. ఆ రోజులే గొప్పవని నేననను. ఆ గదిలో పని నడవడానికి ఎవరి చీరా చింపక్కర్లేదు, అది మంచిదే. బుట్టలో పడ్డ ఆ తెల్లముక్కలు చూస్తే మాత్రం, వసారాలో తల ఎత్తకుండా కుట్టుకుంటున్న అమ్మ కనిపించింది. రత్నం చేతిలో ఔట్ ఉండదు అన్న సందులో ఒక్కరికీ ఆవిడ పేరు తెలియదు.

నాన్న ఆ తరవాత పన్నెండేళ్ళు పనిచేశారు. శనివారాలు వసారాలో చాప నేను వేసుకున్నాను. ఉద్యోగం వచ్చాక కూడా, పెళ్ళయ్యాక పుట్టింటికి వచ్చినప్పుడు కూడా. గళ్ళచీర అయిపోయింది, ఆకుపచ్చది అయిపోయింది. ఆఖరిది చించేముందు నాన్నకు చెప్పాను. ఆయన తల ఊపి, "మెత్తగా చించు" అన్నారు, అంతే. అందుకే ఇప్పుడు మా ఇంట్లో అమ్మ చీర ఒక్కటి కూడా లేదు. మనవరాళ్ళు అడిగితే చూపించడానికి చెంగు ముక్కయినా లేదు. ఈ పలకే ఉంది. కిటికీ దగ్గర వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే రెండు వందల ఎనిమిది చుక్కల్లోంచీ ఆకాశం కనిపిస్తుంది. అందులో రెండు వందల ఆరు అమ్మవి. వదులుగా ఉన్న ఆ రెండూ నావి.